రేడియోలో కోడలు, ఇంట్లో కోడలు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. వదిన ఆ మాటను తిరగేసింది. ముందు రచ్చ గెలిచి, ఆ రచ్చలోంచే ఇంటిని గెలుచుకుంది. రేడియో స్టేషన్‌లో మధ్యాహ్నం కార్యక్రమం ఆమెది. వినేవాళ్ళందరికీ ఆమె వదినే. ఆమెకన్నా ఇరవయ్యేళ్ళు పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. కట్టుకున్న మొగుడు సైతం ఒకసారి పరధ్యానంగా "వదినా, కాఫీ" అనేసి నాలుక కరుచుకున్నాడు.

ఉద్యోగంలో చేరిన తొలిరోజు ఆమెను స్టూడియోలో కూర్చోబెట్టి తలుపు వేసేశారు. గోడల నిండా మెత్తలు. ఆ గదిలో అన్న మాట అన్నచోటే చచ్చిపోతుంది. గాజు అద్దానికి అవతల ఉండాల్సిన ఇంజినీరు ఏదో వెతుక్కుంటూ బల్లకిందికి వంగాడు. ఎర్రదీపం వెలిగిన సంగతి ఆమె చూసుకోలేదు. లోకంలో తానొక్కతే మిగిలిందేమోనని భయమేసి "ఉన్నారా?" అంది. ఎవరైనా పలుకుతారేమోనని కాసేపు ఆగింది. ఆ మాటా, ఆ తర్వాతి ఖాళీ, రెండూ గాలిలోకి వెళ్ళిపోయాయి. పై అధికారి చెడామడా తిట్టాడు. వారం తిరిగేసరికి మాత్రం కట్టలకొద్దీ కార్డులు వచ్చిపడ్డాయి. అందరిదీ ఒకే జవాబు, ఉన్నామని. ఎవరో చమత్కారి "ఉన్నాం వదినా" అని రాశాడు. ఆ పిలుపు అంటుకుపోయింది. అప్పటినుంచీ కార్యక్రమం అలాగే మొదలయ్యేది. "ఉన్నారా?" అని అడిగి, పలకడానికి వీలుగా కాస్త ఖాళీ వదిలి, "ఉన్నారు, సంతోషం" అని కబుర్లలోకి దిగేది.

ఆ ఖాళీలో తప్పకుండా పలికే మనిషి ఆమె ఇంట్లోనే ఉండేవారు. అత్తగారు. అత్తలేని కోడలుత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు కదా, ఆ ఇంట్లో అదెప్పుడూ అబద్ధం కాలేదు. ఎదురుగా ఉన్నంతసేపూ ఉప్పు తక్కువైందనీ, అడుగు గట్టిగా వేస్తుందనీ సణుగుడే. మధ్యాహ్నమయ్యేసరికి మాత్రం గూట్లో ఉన్న పాత రేడియో ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చునేవారు. "ఉన్నారా?" అనగానే, పసిపిల్లలా గొంతు తగ్గించి, "ఉన్నా" అనేవారు. "రేడియోలో ఉన్నంతసేపూ మా కోడలు బంగారం" అని పక్కింటివాళ్ళతో చెప్పుకునేవారు. ఆ సంగతి తెలిసి వదిన నవ్వుకునేది, లోలోపల పొంగిపోయేది కూడా. ఈమధ్య అత్తగారి చూపు మందగించింది. మనిషి నిలబడితే ఆకారం తెలుస్తుంది, ముఖం తెలియదు. ఇక ఆవిడకు మనుషులంటే గొంతులే.

కాలం మారింది. రేడియో పెట్టెలు అటకెక్కాయి, జనం ఫోన్లలో పడ్డారు. స్టేషన్‌ను ఫోన్లలోకి ఎక్కించడానికి ఒక కొత్త అధికారిని తెచ్చారు. సిబ్బంది ఆయనకు యాప్ బాబు అని పేరు పెట్టారు. బాబు అన్న మాటేగానీ నెత్తిమీద జుట్టు సగం పోయిన మనిషి. చెడ్డవాడు కాదు. స్టేషన్ మూతపడకుండా ఉండాలని నిజంగానే తాపత్రయపడ్డాడు.

"వదినగారూ, మీ గొంతే మన ఆస్తి. అది ఎప్పుడు పడితే అప్పుడు దొరకాలి. చిన్నచిన్న ముక్కలుగా అన్నిచోట్లా తిరగాలి" అన్నాడు. యంత్రానికి ఆమె గొంతు నేర్పుతామన్నాడు.

ఆమె ఒప్పుకుంది. సంతోషంగానే ఒప్పుకుంది. స్టూడియోకు మరమ్మతులు జరుగుతున్నందువల్ల, ఇంట్లోనే వెనకగదిలో కూర్చుని ఫోనులో వాక్యాలు చదివి పంపమన్నారు. నవ్వుతూ కొన్ని, విసుగ్గా కొన్ని, గుసగుసగా కొన్ని. "ఉన్నారా?" అన్న మాటనయితే నానారకాలుగా చెప్పించుకున్నారు. ఆమె అన్న ప్రతిసారీ పక్కగదిలోంచి అత్తగారు "ఉన్నా" అనేవారు.

"మా అత్తగారి గొంతు కూడా పడుతోంది బాబూ" అంది వదిన.

"పర్లేదండీ, అలాంటి చప్పుళ్ళన్నీ అదే తీసేసుకుంటుంది."

యంత్రం తొందరగానే నేర్చుకుంది. మధ్యాహ్నం కార్యక్రమం దాని చేతికి పోయింది. ఫోన్లలోనూ అదే, పాత రేడియోల్లోనూ అదే. వదినకు ఉదయం పూట పని ఇచ్చారు. తన గొంతు కింద జనం రాసే వ్యాఖ్యలకు జవాబులు కొట్టడం ఆ పని. గొంతు ఉద్యోగం పోయి వేళ్ళ ఉద్యోగం వచ్చిందన్నమాట. బాధ కలిగింది. అయినా మధ్యాహ్నాలు ఇంటిపట్టున ఉండొచ్చు, అత్తగారికి వేడివేడిగా అన్నం పెట్టొచ్చు అని సర్దిచెప్పుకుంది.

మొదటిరోజు బస్సు దిగి వీధిలో నడుస్తుంటే దర్జీ దుకాణంలోంచి తన గొంతు వినిపించింది. "ఉన్నారా?" నాలుగడుగులు వేసేసరికి గొడుగులు బాగుచేసే అతని ఫోనులోంచి అదే మాట. ఆ పైన ఎవరిదో వంటింటి కిటికీలోంచి. ఒక్కో ఫోనులో ఒక్కో క్షణం ఆలస్యంగా వస్తుందని ఆమెకు తెలుసు. తెలిసినా, ఎండ ఫెళ్ళున కాస్తున్న ఆ వీధిలో తన గొంతే తన వెనక నడిచొస్తూ ఉన్నారా, ఉన్నారా అని అడుగుతుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. పరుగులాంటి నడకతో ఇంట్లోకి వచ్చిపడింది.

అత్తగారు రేడియో ముందు కూర్చుని ఉన్నారు. వదిన కంచంలో అన్నం పెట్టి తెచ్చి, "అత్తయ్యా, భోంచేద్దురు గాని" అంది.

అత్తగారు తల తిప్పారు. రేడియోవైపు చెవి పెట్టారు. మళ్ళీ ఈ ఆకారంవైపు తిరిగారు.

"నువ్వెవరివమ్మా?" అన్నారు.

"నేనే అత్తయ్యా."

"మా కోడలు రేడియోలో మాట్లాడుతోంది కదా. మరి నువ్వెవరివి? దాని గొంతు నీకెలా వచ్చింది?"

ఆ అడగడంలో కోపం లేదు, భయం ఉంది. సరిగ్గా అప్పుడే రేడియోలో ఆమె గొంతు, "మా అత్తగారికి ఇప్పుడే అన్నం పెట్టి వచ్చాను. ఇక మీ సంగతి చూడాలి" అంది. ఇదివరలో వదిన అనే మాటే అది. పాత కార్యక్రమాల్లోంచి ఏరుకుని యంత్రం తనే అల్లుకుంటోంది.

"విన్నావా? నాకు అన్నం పెట్టేసిందట" అని అత్తగారు కంచం పక్కకు జరిపారు. "నేను తినేశాను."

ఆ రోజు తినలేదు. మర్నాడూ తినలేదు. రాత్రిళ్ళు కొడుకు కలిపి పెడితే రెండు ముద్దలు మింగేవారు, అంతే. కోడలి అడుగు వినిపిస్తే గోడవైపు ఒదిగిపోయేవారు. మరో సంగతి కూడా వదిన గమనించింది. రేడియో "ఉన్నారా?" అని ఆగడం లేదు. ఆ వెంటనే "ఉన్నారు, సంతోషం" అనేస్తోంది. అత్తగారి "ఉన్నా" ఆ మాటల కింద నలిగిపోతోంది. రెండుమూడుసార్లు తొందరగా చెప్పాలని చూసి, అందుకోలేక, ఆవిడ నోరు మూసుకున్నారు.

"మా కోడలికి ఇప్పుడు నేను ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే" అన్నారు, గోడతో.

భర్త ప్రెస్సులో పనిచేసి అలసిపోయి వచ్చేవాడు. "అమ్మకి వయసైపోయింది. రేడియో తీసి అటకమీద పడేస్తే సరి" అన్నాడు. తీసి దాచారు కూడా. ఆవిడ ఆ ఖాళీ గూటి ముందే కూర్చుని ఏడ్చారు. పెట్టె మళ్ళీ గూట్లోకి వచ్చింది. అప్పటికి ఆవిడ చేతి గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. ఇలాగే సాగితే మనిషి దక్కదని వదినకు అర్థమైంది. తాను నేర్పిన మాటే తన ఇంటిమనిషిని తినేస్తోందని ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది.

యాప్ బాబు దగ్గరికెళ్ళి నిలబడింది. "ఆ ఖాళీ నాకు తిరిగివ్వండి బాబూ. ఉన్నారా అన్నాక కాస్త ఆగనివ్వండి."

"ఖాళీ వస్తే జనం వేలితో తోసేసి ఇంకోదానికి పోతారండీ. రేడియోకీ ఫోనుకీ అదే తేడా."

"జనం ఏం రాస్తున్నారో నాకన్నా మీకు తెలుసా? జవాబులు కొడుతున్నది నేను కదా! వదిన మా మాట వినడం లేదు అంటున్నారు. అడిగింది కదా, పలికేదాకా ఆగాలి కదా అంటున్నారు."

ఆయన ఆ వ్యాఖ్యలు తీసి చదువుకున్నాడు. చదివినకొద్దీ మెత్తబడ్డాడు. "సరే. మీరు ఇంట్లో చదివి పంపినప్పుడు ఎలా ఆగారో అచ్చం అలాగే ఆగమని దానికి చెప్తాను" అన్నాడు. వదినకు ప్రాణం లేచొచ్చింది. ఆ మాటలో మెలిక ఉందని ఆమెకు తట్టలేదు, ఆయనకూ తట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం కంచం పట్టుకుని అత్తగారికి కాస్త దూరంగా నేలమీద కూర్చుంది. దగ్గరికి జరిగితే ఆవిడ బెదురుతారు. రేడియోలో కార్యక్రమం మొదలైంది.

"ఉన్నారా?"

ఆగింది. నిజంగానే ఆగింది. అత్తగారి ముఖం విచ్చుకుంది. ముక్కాలిపీట మీద నిటారుగా లేచి కూర్చుని, పెదాలు తడుపుకుని, పలకడానికి నోరు తెరిచారు.

"ఉన్నా."

పలికింది ఆవిడ కాదు. రేడియో. పక్కగదిలోంచి వచ్చినట్టు, కాస్త దూరంగా, పసిపిల్లలా తగ్గించిన ఆ గొంతు ఆవిడదే. ఆవిడ నోరు ఇంకా తెరిచే ఉంది.

"ఉన్నారు, సంతోషం" అంది రేడియోలో కోడలు.

అత్తగారు చెయ్యి చాచి గాలిలో వెతికారు. వదిన ఆ చేతిని అందుకుంది. మంచులా ఉంది.

"అమ్మాయ్, నేను పలికానా?"

"లేదత్తయ్యా. మీరు పలకలేదు."

"మరి అక్కడున్నదెవరు?"

"ఎవరూ లేరు. అది మీ గొంతు మాత్రమే. మీరు ఇక్కడున్నారు."

అత్తగారి వేళ్ళు ఆమె చేతిమీదుగా భుజానికి, భుజంమీంచి ముఖానికి పాకాయి. నుదురు, ముక్కు, గడ్డం తడిమారు. చెంపల తడి దగ్గర ఆగారు.

"నీ గొంతు కూడా ఇలాగే పట్టుకుపోయారా?"

"ఆఁ. పట్టుకుపోయారు."

"ముందే చెప్పొద్దూ! అయితే మనిద్దరం బయటే ఉండిపోయామన్నమాట" అన్నారు అత్తగారు. తన కోడలితో మాట్లాడే పాత గొంతుతో విసుక్కున్నారు. "కంచం ఇటు తే. ఆ రేడియోలోది తినేసిందేమోగానీ నేను తినలేదు."

వదిన ముద్ద కలిపి నోటికి అందించింది. ఉప్పు తక్కువైందని సణిగారు. ఆ సణుగుడు విని వదిన వెక్కివెక్కి ఏడ్చింది.

అత్తగారి జవాబు వచ్చిన ముక్క ఊరూరా తిరిగిందట. ఆ ముసలావిడ ఎవరు, ఇంకా మాట్లాడించండి అని జనం రాశారు. తీసేయమని వదిన అడిగింది. తీసేస్తాం అన్నారు, తీయలేదు. రేడియోను మాత్రం అత్తగారే గూట్లో ఉండనిచ్చారు. అది ఏమంటోందో మనకు తెలుస్తూ ఉండాలి కదా అన్నారు.

ఇప్పుడు మధ్యాహ్నాలు ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటారు. వదిన ఫోను, తమ మాటలు అందులో పడకుండా, వంటింట్లో బియ్యం డబ్బా లోపల ఉంటుంది. రేడియో "ఉన్నారా?" అని అడుగుతుంది. అడిగి ఆగుతుంది. కొన్నిసార్లు ఆ ఖాళీలో జవాబు రాదు. ఎదురుచూస్తున్నట్టు, ఇదివరకటికన్నా ఎక్కువసేపు ఆగుతుంది. వదినకు గొంతుదాకా వస్తుంది మాట. అప్పుడు అత్తగారు ముద్ద పట్టుకున్న చేత్తోనే ఆమె మోకాలు నొక్కుతారు.

"పలక్కు" అంటారు గుసగుసగా. "వింటోంది."