మావయ్య గొంతు పలకని స్పీకర్లు

దెయ్యాలంటే నాకు భయం కాదు, చిరాకు. "రేడియో దానంతటదే మోగింది బాబూ, ఇంట్లో ఏదో తిరుగుతోంది" అని మా షాపుకొచ్చినవాళ్లకి లోపల ఊడిపోయిన వైరు చూపించి పంపేవాణ్ణి. అలాంటి నేను ఈ సంగతి చెప్పడమంటే నాకే కాస్త నామోషీగా ఉంది. అయినా జరిగింది జరిగినట్టే చెబుతాను.

కాశీబుగ్గలో నాది టేప్ రికార్డర్లు, రేడియోలు బాగుచేసే షాపు. రెండు వేల సంవత్సరం దాటాక చిన్న స్పీకర్ల పిచ్చి మొదలైంది. అట్టపెట్టె మీద బుక్‌షెల్ఫ్ స్పీకర్లు అని రాసుండేది. మా వైపు పుస్తకాల అర ఉన్న ఇళ్లు ఎన్నిలెండి! టీవీ పక్కనో, బియ్యం డ్రమ్ము మీదో పెట్టేసేవారు.

పేరున్న కంపెనీవి కొనలేనివాళ్లు విశాఖపట్నం నుంచో బరంపురం నుంచో పేరు లేని జతలు తెచ్చుకుని, బాగున్నాయో లేదో చెప్పమని నా దగ్గరికి వచ్చేవారు. అందరిదీ ఒకటే గోల, గుండె అదిరిపోవాలి అని. చవక పెట్టెలో గుండెలదిరే మోత వచ్చిందంటే మిగతాదంతా చెడిందన్నమాటే. నేను వెతికేది మనిషి గొంతు. మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టుంటే ఆ జత మంచిది. లేదంటే వెనక్కిచ్చేయమనేవాణ్ణి.

దానికి నా దగ్గర ఒక క్యాసెట్ ఉండేది. సినిమా పాటలతో పరీక్ష చేస్తే ఏమీ తెలీదు, అసలు పాట స్టూడియోలో ఎలా వినిపించిందో మనమేం చూశాం? అందుకని నేనే ఒకటి రికార్డు చేసుకున్నాను. పూండి అవతల, సముద్రం దగ్గర మా మావయ్య వాళ్ల ఊరు. మావయ్యంటే మా అమ్మ తమ్ముడు. రెండు మైకులున్న టూ ఇన్ వన్ రేడియో ఒకటి వాళ్ల వాకిట్లో పెట్టి ఓ పొద్దున్న అంతా పట్టాను. ఎడమ పక్క మావయ్య గునపానికి కొబ్బరికాయలు గుచ్చి పీచు వలుస్తూ నన్ను తిడుతుంటాడు. కుడి పక్క అత్త వాకిలి ఊడుస్తుంటుంది. మధ్యలో వాళ్లబ్బాయి, నాకు బావ, పకపకా నవ్వుతుంటాడు.

"ఆ మిసను నా మొకానెట్టకురా, ఎల్లి రెండు కాయలు వలు. సేతులేటీ అరిగిపోవు!" అంటాడు మావయ్య. ఆ మాట మధ్యలోనే పీచు చర్రుమని చీలుతుంది. కొన్ని వందల సార్లు విన్నాను. కళ్లు మూసుకుంటే ఎవరు ఎక్కడున్నారో వేలెత్తి చూపించగలను.

ఈ సంగతి జరిగిన ఏడాది బావకీ మావయ్యకీ మాటల్లేవు. బావ వాళ్ల కొబ్బరి, జీడి తోట పని మానేసి పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేరాడు. సొంత తోట పెట్టుకుని ఇంకొకడి జీడిపిక్కలకి కాపలా కాయడమేటని మావయ్య మండిపడ్డాడు. బావ కూడా తక్కువ వాడు కాదు, కాశీబుగ్గలో అద్దె ఇల్లు తీసుకుని ఊరు వెళ్లడం మానేశాడు. మధ్యలో నేను. ఇద్దరూ నాతోనే ఒకరి మీద ఒకరు చెప్పుకునేవారు.

ఎండాకాలం, జీడిపిక్కలు రాలే రోజులు. ఒకరోజు ఉదయం బావ కొత్త ఇంటికని రెండు జతల స్పీకర్లు తెచ్చాడు, ఏది ఉంచుకోవాలో చెప్పమని. మొదటి జత పెట్టాను. దబదబలాడించింది. బావ ముఖం వెలిగిపోయింది. "నీకు పెళ్లి బ్యాండు కావాలా, స్పీకర్లు కావాలా?" అని దాన్ని పక్కన పెట్టించేశాను.

రెండో జత పెట్టెలు చిన్నవే, చెక్క పలచన. గోడకి దూరంగా, చెవుల ఎత్తులో పెట్టి, ఎదురుగా ఇద్దరం కూర్చున్నాం. క్యాసెట్ వేశాను. అబ్బ, అత్త చీపురు ఇసక మీద పుల్ల పుల్లా వినబడుతోంది! బావ నవ్వు సరిగ్గా మధ్యలో ఉంది. పీచు చర్రుమంది.

మావయ్య మాట రాలేదు.

ఎడమ పెట్టె వైరు తిరగబడిందనుకున్నాను. ప్లస్సు మైనస్సు మారితే గొంతు చెదిరిపోతుంది, అది మామూలే. మార్చి పెట్టాను. రాలేదు. టేప్ రికార్డర్ హెడ్డు స్పిరిట్‌తో తుడిచాను. నా పాత స్పీకర్లకి కలిపాను. ఇంకో టేప్ రికార్డర్‌లో వేశాను. అన్నిట్లోనూ అంతే. కొబ్బరికాయ గునపంలో దిగుతోంది, పీచు చీలుతోంది, మూగవాడు వలుస్తున్నట్టు. అయస్కాంతం తగిలి టేపు చెరిగితే అన్నీ చెరగాలి కదా? ఒక్క మనిషి గొంతు మాత్రం ఏరి తీసేసినట్టు ఎలా పోతుంది?

బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "మా అయ్య మాట ఏదీ? బావా, మా అయ్య మాట నేదేటి?" అన్నాడు.

"టేపు పాడైందిరా, దానికి అంత కంగారేటి?" అని కసిరాను. కానీ నాకూ మావయ్యే గుర్తొచ్చాడు. అత్త కోటబొమ్మాళిలో కూతురి పురిటికి వెళ్లింది. మావయ్య పిక్కల కాపలాకని తోటలో పాక వేసుకుని ఒక్కడూ ఉన్నాడు.

"నాను ఊరెల్తాను," అని బావ లేచాడు. షాపు మూసి నా స్కూటర్ మీదే తీసుకెళ్లాను.

పక్క తోటాయన దారిలోనే ఎదురయ్యాడు. మావయ్య ఎలా ఉన్నాడని అడిగితే నవ్వాడు. "మీ అయ్యకేటి, గుండ్రాయినాగున్నాడు. తెల్లారగట్ట నుంచి ఎలుగుబంట్లని తోలతన్నాడు. ఆయన కేకేత్తే మేమూ ఇటునుంచి కేకేసినాం. ఇందాకే మానీసినాడు."

మా ఉద్దానం తోటల్లో పిక్కలు రాలేటప్పుడు అందరూ చేసేదే అది. ఒక తోటలో కేక లేస్తే నాలుగు తోటల వాళ్లు హోయ్ అంటారు. ఎలుగు భయపడి పోతుంది, కాపలావాడికీ ధైర్యంగా ఉంటుంది. ఆ మాట వినగానే నా ప్రాణం కుదుటపడింది. బావకి పడలేదు. వాడప్పటికే తోటలోకి పరిగెడుతున్నాడు.

పాకలో ఎవరూ లేరు. తోట చివర ఇసకలో తవ్విన నేలబావి ఉంది. ఒక పక్క ఇసక విరిగి జారింది. మావయ్య అందులో ఉన్నాడు, నడుం లోతు నీళ్లలో, గట్టుకి ఆనుకుని. కాలు విరిగింది. కళ్లు తెరిచే ఉన్నాడు. మమ్మల్ని చూసి నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి గానీ గాలి తప్ప ఏమీ రాలేదు.

ఎలుగుల్ని తోలడం కాదది. రక్షించండని అరిచాడు. అరిచిన ప్రతిసారీ నాలుగు తోటల వాళ్లు ఆయనకి హోయ్ అని జవాబిచ్చారు. గొంతు పోయేదాకా అరిచాడు.

బావ బావిలోకి దూకేశాడు. తండ్రిని రెండు చేతులా పట్టుకుని "అయ్యా, నానొచ్చినానయ్యా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తోటల వాళ్లంతా వచ్చి పైకి లాగారు. టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఇంకాసేపైతే చెయ్యి దాటిపోయేదన్నాడు డాక్టరు. గొంతు వాచిపోయింది, వస్తుందో రాదో చెప్పలేనన్నాడు.

కొన్నాళ్లకి వచ్చింది. మొదటి మాట బావనే తిట్టాడు, "నీ ఉద్యోగం ఎవుడు సేత్తాడ్రా, ఇక్కడ కూకున్నావు?" అని. వార్డులో అందరూ నవ్వారు. బావ కూడా నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు.

ఆ మర్నాడు ఇద్దరం అన్నాళ్లుగా మూసున్న షాపు తెరిచాం. అన్నీ మేం వదిలేసినట్టే ఉన్నాయి, క్యాసెట్ కూడా టేప్ రికార్డర్‌లోనే ఉంది. ఈ సంగతి తేల్చేద్దామని వెనక్కి తిప్పాను. బటన్ మీద వేలు పెట్టేసరికి బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒద్దు బావా. ఇందులో మా అయ్య మాట తిరిగొచ్చీసిందనుకో... అక్కడ మా అయ్యకి మాట ఆగిపోతేనో?"

తెలివితక్కువ వెధవా అని తిట్టబోయాను. అది మానేసి క్యాసెట్ బయటికి తీసి బల్ల సొరుగులో పడేశాను.

ఇదంతా జరిగి చాలా ఏళ్లైంది. క్యాసెట్లు పోయి సీడీలొచ్చాయి, అవీ పోయాయి. స్పీకర్లు ఇప్పుడు కొన్నవాళ్ల గొంతుతోనే పరీక్ష చేస్తున్నాను, మైకిచ్చి మాట్లాడమంటాను. మావయ్య కాశీబుగ్గ వచ్చినప్పుడల్లా కర్ర పొడుచుకుంటూ షాపుకొస్తాడు. బెంచీ మీద కూర్చుని నన్నూ, బావనీ, టీ తెచ్చినవాణ్ణీ, గవర్నమెంటునీ వరసపెట్టి తిడతాడు.

అప్పుడు టేపులో ఆయన మాట ఎందుకు రాలేదో నాకు తెలీదు. టేపు పాడైందని ఎవరైనా అంటే కాదనను, కానీ అలా పాడైన టేపు నా సర్వీసులో ఇంకోటి చూడలేదు. దెయ్యాల్ని నేను ఇప్పటికీ నమ్మను. సొరుగులో క్యాసెట్ ఒక్కసారి వేసి వింటే ఏ సంగతో తేలిపోతుందని కూడా తెలుసు. కానీ మావయ్య అలా బెంచీ మీద కూర్చుని తిడుతున్నన్నాళ్లూ నేను మాత్రం వెయ్యను.