ఉత్తరం కన్నా ముందు ప్లగిన్లు

మా కనకాలపేట వీధిలో దీపం వెలగడం లేదని కరెంటాఫీసుకి ఒక ఉత్తరం టైపు చెయ్యమని, సోమవారం బడికి పాఠాలు చెప్పడానికి వెళ్తూ మా ఆవిడ పురమాయించింది. పది నిమిషాల పని. కానీ మౌసు ముట్టకుండా అంతా కీబోర్డుతోనే నడిపే ఎడిటర్ని నేను అప్పుడే కంప్యూటర్లో కొత్తగా వేసుకున్నాను. దానికి తగిలించుకునే అదనపు హంగులు, అదే ప్లగిన్లు, కుదరకుండా అందులో అక్షరం రాయడానికి నాకు మనసొప్పలేదు. ఫైళ్లు వెతికిపెట్టేవి మూడు దొరికితే మూడూ వేసి, తీసి, చివరికి మొదటిదే మళ్లీ వేశాను. తెర రంగులు ఎంచుకోవడానికి ఇంకో రోజు పట్టింది.

గురువారం సాయంత్రం ఆవిడ ఇంటికి రాగానే గర్వంగా పిలిచాను.

"ఇలా చూడు. రెండక్షరాలు కొడితే చాలు, ఏ ఫైలైనా చిటికెలో తెరుచుకుంటాది."

"అయితే ఆ ఉత్తరం తెరవండి మరి."

రాయని ఉత్తరాన్ని వెతికిపెట్టే ప్లగిన్ ఇంకా ఎవరూ చెయ్యలేదు.

"పోన్లెండి. మంగళవారమే ఇంటర్వెల్లో తెల్లకాగితం మీద రాసి, వస్తా వస్తా కరెంటాఫీసులో ఇచ్చేసేను."

అప్పుడు తలెత్తి చూశాను. కిటికీ బయట దీపం వెలుగుతోంది. నిన్నటి నుంచే వెలుగుతోందట.