సంచీకి ఒక కుర్చీ

స్టాఫ్ రూములో సోషియాలజీ మాస్టారికి రెండు కుర్చీలు. ఒకటి ఆయనకి, రెండోది ఆయన తోలు సంచీకి. కాలరు సర్దుకుని, చూపుడువేలితో గాలిలో గిరి గీసి ఆయన రోజూ చెప్పే మాట ఒకటే: "స్థలమంటే గోడలు కాదండీ, అధికారం." ఫిజిక్సు వాళ్ల స్థలం వంగుతుంది, జాగ్రఫీ వాళ్లది పటంలో ఇముడుతుంది, వాళ్లంటే ఆయనకి జాలి.

ఆ రోజు స్టాఫ్ రూములోనే స్థలం గురించి అన్ని శాఖల చర్చ పెట్టారు. ఏడో నెల గర్భంతో ఉన్న లెక్కల మేడమ్ వచ్చేసరికి మిగిలిన కుర్చీలన్నీ నిండిపోయాయి. "మాస్టారూ, ఆ సంచీ కాస్త తీస్తారా? కాళ్లు లాగేస్తున్నాయి" అంది. "చూశారా, ఒకరు అడగాలి, ఇంకొకరు ఇవ్వాలి. అధికారమంటే ఇదే" అని మురిసిపోతూ, ఆ సంగతి బొమ్మ గీసి చూపించడానికి ఆయన బోర్డు దగ్గరికి లేచి వెళ్లాడు. ఆవిడ వెళ్లి ఆయన కుర్చీలో కూర్చుంది. "మా లెక్కల్లో ఖాళీ అంటే ఖాళీయేనండీ" అంది. అందరూ నవ్వారు. మాస్టారు వెనక్కి వచ్చి, ఆవిడ వంకా సంచీ వంకా చూసి, మళ్లీ బోర్డు దగ్గరికే వెళ్లి, చోటు దొరకని వాళ్ల గురించి గంటసేపు నిలబడి మాట్లాడాడు. సంచీ హాయిగా కూర్చుని వింది.