చివరగా కదిలిన నాబ్

దసరా నాడు మా ఇంట్లో పనిముట్లకు బొట్టు పెడతారు. బాపు కల్లు గీయడానికి తాటిచెట్లు ఎక్కుతాడు కాబట్టి మోకు, ముత్తాదు, గీత కత్తులు కడిగి గోడ వారగా పెట్టేవాడు. అన్న పాటలు తయారుచేయడం మొదలుపెట్టాక వాటి పక్కన ఒక నల్లటి పెట్టె చేరింది. దాని మీద వరసగా నాబులు, వాటి కింద చిన్న లైట్లు. జగిత్యాలలో ఎవరో వాడి వదిలేస్తే అన్న కొనుక్కొచ్చాడు.

“గిదేం పనిముట్టురా, గ్యాస్ పొయ్యి లెక్కున్నది,” అన్నాడు బాపు.

“నీ కత్తికి కల్లు కారుతది, నా దానికి పాట కారుతది బాపూ. పెట్టు బొట్టు.”

కోరుట్లలో మా ఇంటి ముందు గదే అన్నకు స్టూడియో. కంప్యూటర్ తెర నిండా చిన్న చిన్న డబ్బాలు, వాటిని కలుపుతూ రంగురంగుల తీగలు ఉండేవి. నల్ల పెట్టె మీది నాబ్ తిప్పితే తెర మీది నాబ్ కదిలి, పాట మారేది. నేను ఒక మూలన కూర్చుని చదువుకునేదాన్ని. పాడేవాళ్లు ఎవరన్నా వస్తే లోపలికి వెళ్లిపోయేదాన్ని. “మా చెల్లె మనుషులతోని మాట్లాడది. మన మీద చాడీలన్నీ డైరీకి చెప్తది,” అని వాళ్లకు వినిపించేలా అనేవాడు.

అన్న చేసిన ఆఖరి పాటలో గొంతు అవ్వది. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. నాట్లు వేసేటప్పుడు పాడుకునే పాట. సిరిసిల్లలో మా మేనమామ పనిచేసే షెడ్డుకు పోయి మరమగ్గాల చప్పుడు రికార్డు చేసుకొచ్చి, దాన్నే ఆ పాటకు తాళంగా పెట్టాడు. అవ్వ గొంతుకు ఎకో పెంచితే మగ్గం తనంతట తానే నెమ్మదించాలని అతని కోరిక. కానీ ఆ ఎకో బయటి నుంచి తెచ్చి పెట్టిన ప్లగిన్, వేరేవాళ్లు రాసిన చిన్న ప్రోగ్రాం. దాని నాబ్ ఎప్పుడు కదిలిందో మిగతా డబ్బాలకు తెలియదు. చాలా రోజులు తిప్పలు పడి, ప్లగిన్ నాబుల్లో ఏది కదిలినా కనిపెట్టే ఒక డబ్బాను అన్న తయారుచేశాడు. చివరగా కదిలిన నాబ్ పేరు, అది ఆగిన అంకె దాని మీద కనిపిస్తాయి.

“ఇగో చూడు చెల్లె. ఎవ్వలు ఏది ముట్టినా ఇందుల దొరుకుతది.”

“ఎవ్వలు ముట్టిండ్రో చెప్తదా?”

“గది చెప్పది. ఏది ముట్టిండ్రో చెప్తది.”

ఆ వానాకాలమే, జగిత్యాల నుంచి బండి మీద వస్తూ అన్న చనిపోయాడు. పాట సగంలో ఆగింది.

తర్వాత నేను కంప్యూటర్ తెరిచినప్పుడు ఆ డబ్బా మీద “ఎకో, 41” అని ఉంది. అన్న చెయ్యి చివరగా కదిపింది అదే. మాకు ఫొటోలు ఉన్నాయి, బట్టలు ఉన్నాయి. కానీ అతను చేస్తూ చేస్తూ ఆపిన పని ఇదొక్కటే. ఆ సాఫ్ట్‌వేర్ ప్రతి మార్పునూ తనంతట తానే దాచుకుంటుంది; ఒక్క నాబ్ కదిలినా అన్న వదిలింది చెరిగిపోతుంది. అందుకని నాబుల పెట్టె తీగ పీకేసి, అప్పుడే పాట తెరిచేదాన్ని. విని, మూసేసేదాన్ని. ఇంట్లో ఎవరికీ ఈ సంగతి చెప్పలేదు.

ఏడాది మాసికం అయిపోయాక దసరా వచ్చింది. బాపు మోకు కడిగాడు. అవ్వ నల్ల పెట్టెను తెచ్చి దాని పక్కన పెట్టింది.

“దీనికి లైట్లు వెలుగుతుండె గదా బిడ్డా. వెలిగియ్యి. చీకట్ల బొట్టెట్ల పెట్టాలె?”

కాదనలేకపోయాను. తీగ కలిపాను. లైట్లు వెలిగాయి. పాట పెట్టమని కూడా అడిగింది. పెట్టాను. తన గొంతు తనే వింటూ కూర్చుంది. నేను బంతిపూలు తేవడానికి వెనక్కి వెళ్లాను.

పూలు తెంపుతుండగా పాట మారింది. అవ్వ గొంతు ఉన్నట్టుండి దగ్గరికి వచ్చి, ఎండిపోయినట్టు వినిపించింది. మగ్గం వేగం అందుకుంది. పరుగెత్తుకొచ్చేసరికి అవ్వ తడిగుడ్డతో నాబులను ఒక్కొక్కటే తిప్పి తిప్పి తుడుస్తోంది. దేవుడి ముందు పెట్టే వస్తువును దుమ్ముతో ఉంచదు ఆమె. తెర మీది ఆ డబ్బాలో ఎకో పేరు లేదు. వరసలో చివరి నాబ్ పేరు ఉంది.

“ఏమైంది బిడ్డా, గట్ల నిలవడ్డవ్?”

“ఏం లేదవ్వా.”

“ఎంత జిడ్డు వట్టిందో సూడు. అన్నీ వాని ఏలిముద్రలే...” అంటూనే ఆగిపోయింది. చేతిలోని గుడ్డ వైపు చూసింది. మళ్లీ నాబుల వైపు చూసింది. అవి కొత్తవాటిలా మెరుస్తున్నాయి.

“తుడిసేసిన గదనే,” అంది మెల్లగా.

బాపు కుంకుమ పళ్లెం పట్టుకుని గడపలోనే ఉండిపోయాడు. పాట నడుస్తూనే ఉంది.

అవ్వ ఆ గుడ్డను నీళ్లలో వేయలేదు. మడిచి, కొంగులో కట్టుకుని లోపలికి వెళ్లింది.

మిగతా నాబులన్నీ నా చెవికి గుర్తున్నంత వరకు మునుపటిలా సర్దాను. ఎకో నాబ్‌ను ఆఖరికి ఉంచుకున్నాను. మెల్లగా తిప్పితే, అవ్వ గొంతు దూరం జరిగింది. మగ్గం నెమ్మదించింది. అంకె నాకు నోటికి తెలుసు కాబట్టి అక్కడే ఆపాను. డబ్బా మీద “ఎకో, 41” అని వచ్చింది. అన్న వదిలి వెళ్లినప్పటి అక్షరాలే, అదే అంకె.

కానీ దాన్ని తిప్పింది నేను.