తువ్వాళ్లు తగిలించిన పిడి

ఇల్లందు బస్టాండు పక్క సందులో మాది కటింగ్ షాపు. అందులో కుర్చీ ఒకటే. మా నాయన దాన్ని పాత ఇనుప సామాన్ల దుకాణంలో చూసి, మోజుపడి, రిక్షా మీద వేసుకొచ్చాడు. అది హైదరాబాదులో పళ్ల డాక్టరు వాడిన కుర్చీ అని చచ్చేదాకా చెప్పుకున్నాడు. గిరాకీలు మాత్రం అది బొగ్గు తోలే డంపరు లారీ డ్రైవరు సీటని తేల్చేశారు. బొగ్గు ఊళ్లో దేన్ని చూసినా డంపరే గుర్తొస్తుంది మరి.

విడ్డూరమైన కుర్చీ అది. ఇనుప వీపు నిటారుగా ఉంటుంది, ఎంత పెద్ద రౌడీ అయినా బడిపిల్లాడిలా బుద్ధిగా కూర్చోవాల్సిందే. పైగా ఎడమ పక్కకు ఒరుగుతుంది. నాయన కింద చెక్క ముక్క పెట్టాడు గానీ ఒరుగుడు పోలేదు. ఇల్లందు మగాళ్లలో సగం మందికి ఎడమ పక్క జుట్టు కొంచెం పొట్టిగా ఉంటే ఆ పాపం నాది కాదు, కుర్చీది. ఇక కూర్చున్నవాడి నెత్తి మీద నలుపూ పసుపూ చారల పిడి ఒకటి ఉంటుంది. నాయన దాన్ని తీగతో గట్టిగా కట్టేశాడు. తువ్వాళ్లు తగిలించుకోవడానికి అంతకంటే మంచి కొయ్య ఏముంటుంది?

ఆయన నాకు ఇచ్చిపోయింది ఆ కుర్చీ, దాంతోపాటు ఒక నియమం. గిరాకీ కూర్చునే కుర్చీలో మనం కూర్చోకూడదు. నేనెప్పుడూ కూర్చోలేదు.

మొన్న ఎండాకాలం ఒక పెద్దాయన గడ్డం గీయించుకుందామని షాపులోకి వచ్చాడు. ఖమ్మం నుంచి చెల్లెలి ఇంటికి వచ్చాడట. అప్పటికి కుర్చీలో ఒక ఓవర్‌మన్ ఉన్నాడు, గనిలో పనివాళ్ల మీద అజమాయిషీ చేసే ఉద్యోగి. ఒక చెంప గీశాను, రెండోదాని మీద నురగ ఉంది. తువ్వాలు కోసం పిడి వైపు చెయ్యి చాపాను.

"చెయ్యి తియ్యి! దాన్ని ముట్టుకోకు!" అని పెద్దాయన కేక పెట్టాడు.

చేతిలో కత్తి ఉన్నవాడి మీద అరవడం ఎంత తెలివైన పనో మీరే చెప్పండి. ఓవర్‌మన్ గొంతు బతికిపోయింది.

"ఏంది సార్, తువ్వాలే గదా తీస్తున్న?"

"ఇది యుద్ధవిమానం సీటయ్యా! విమానం కూలిపోతుంటే పైలెట్ ఆ పిడి గుంజుతాడు. వెనకాల మందు పేలి, సీటుతో సహా ఆకాశంలోకి లేచిపోతాడు. బాగా పాత రకం. ఎయిర్‌ఫోర్సులో ఉండగా ఇలాంటివి నేనే చూసుకునేవాణ్ని. మందు ఇంకా ఉందో లేదో ఎవరికి తెలుసు?"

మందు అన్న మాట వినబడగానే ఓవర్‌మన్ నురగతోనే రోడ్డు మీద తేలాడు.

మా ఊళ్లో పేలని మందంటే అందరికీ ఒకటే చదువు. గనిలో తూటా పేలకపోతే, తూటాలు పేల్చే షాట్ ఫైరరు స్వయంగా పోయి చూసి సరే అనేదాకా ఇంకెవరూ దగ్గరికి పోరాదు. ఎవరో తాడు తెచ్చి నా షాపుకు అడ్డంగా కట్టారు. దానికి ఎర్రగుడ్డ కూడా వేలాడదీశారు, అదీ నా తువ్వాలే. "పోలీసోళ్లకు ఫోన్ కొట్టున్రి" అన్నాడు పక్కనున్న టీ కొట్టాయన, నా షాపు ముందే నిలబడి. నక్సలైట్ల మందుపాతర్ల భయమున్న చర్ల దారిలో దిక్కులేని టిఫిన్ డబ్బా కనబడితేనే పోలీసులు పరుగెత్తుకొస్తారు, మందున్న కుర్చీ అంటే వదులుతారా? ఊరి బయటికి తీసుకుపోయి పేల్చేస్తారు.

కుర్చీ పోతే షాపు పోతుంది. షాపు పోతే మా నాయన రెండోసారి చచ్చిపోయినట్టే.

"సార్, మంట పెట్టింది మీరు. ఉన్నదో లేదో మీరే చూసి చెప్పున్రి" అన్నాను.

పాపం, కాదనలేదు. ఫోన్ లైటు వేసుకుని కుర్చీ వెనక మోకాళ్ల మీద కూర్చున్నాడు. గొట్టాలు తడిమాడు, లోపలికి తొంగి చూశాడు. తాడు అవతలి నుంచి ఉచిత సలహాలు పడుతూనే ఉన్నాయి. ఒరిగిన పక్క అడుగున చెయ్యి పెట్టి ఆగాడు.

"ఈ సొట్ట ఎప్పటిది?"

"కొన్నప్పటిదే సార్."

"పిడికి ఈ తీగ ఎవరు కట్టారు?"

"మా నాయన. కొన్ననాడే అది ఊడి యాలాడుతుండెనట."

ఆయన మెల్లగా లేచాడు. "గొట్టం ఖాళీ. మందు ఎప్పుడో కాలిపోయింది. పిడి ఊడింది కాదయ్యా, ఎవరో గుంజారు. సొట్ట పైనుంచి నేల మీద పడ్డప్పటిది. ఇందులో ఒక పైలెట్ బయటికి ఎగిరాడు."

"బతికిండా సార్?"

"మనిషి గాల్లోనే విడిపోయి పారాచూట్‌తో దిగుతాడు. సీటు వేరుగా పడుతుంది. సీటు తన పని తాను చేసింది. ఆ తర్వాత సంగతి దానికేం తెలుసు?"

తాడు మాత్రం ఎవరూ విప్పలేదు. "సార్ గట్లనే అంటడు, బస్సెక్కి ఖమ్మం పోతడు. కూసునేది మేము గదా!" అన్నాడు ఓవర్‌మన్. "అవ్, అవ్" అన్నారు జనం. పోలీసులు రాకపోయినా నా కుర్చీ పోయినట్టేనని అర్థమైంది. ఇక షాట్ ఫైరరు నేనే కావాలి.

పట్టకారుతో నాయన కట్టిన తీగ తెంపాను. ఆయనకు మనసులో దండం పెట్టుకుని, ఆయన నియమాన్ని తుంగలో తొక్కి కుర్చీలో కూర్చున్నాను. ఎడమకు ఒరిగిపోయాను. గొట్టం ఖాళీ అని తెలుసు. అయినా పైనున్న రేకుల కప్పును ఒకసారి చూసి, రెండు చేతులతో పిడి గుంజాను.

మొహం మీద చీకటి పడింది.

తువ్వాలు! పిడికి తగిలించిన తువ్వాలు నా మొహం మీదికి జారింది. జనం గొల్లుమన్నారు. పెద్దాయన ఒక్కడే నవ్వలేదు.

"నిజంగా విమానంలోనూ ఇంతేనయ్యా" అన్నాడు. "పిడి గుంజితే దాని వెంట గుడ్డ వచ్చి మొహం కప్పుతుంది, పైన గాలి దెబ్బ తగలకుండా."

నేను తువ్వాలు వెంటనే తీయలేదు. సబ్బు వాసన వేస్తున్న ఆ చీకట్లో, ఇదే కుర్చీలో ఇదే చీకటి చూసిన మనిషి గుర్తొచ్చాడు. నా కాళ్ల కింద ఇల్లందు ఉంది. ఆయన కాళ్ల కింద ఏమీ లేదు. ఆయన బతికుండాలని, ముసలివాడై ఏ ఊళ్లోనో నాలాంటివాడి దగ్గర గడ్డం గీయించుకుంటూ విసుక్కుంటూ ఉండాలని గట్టిగా కోరుకున్నాను. ముక్కూ మొహం తెలియని మనిషి కోసం ఏడుపొచ్చింది.

"అన్నా, లేస్తవా లేదా?" ఓవర్‌మన్ తాడు దాటి వచ్చి నా ముందు నిలబడ్డాడు, ఎండిపోయిన నురగతో. "జల్దీ కానియ్. నాకు డ్యూటీ టైమైతుంది."

అదే తువ్వాలుతో కళ్లు తుడుచుకుని లేచి, కుర్చీ దులిపాను. అతను కూర్చుని, అలవాటుగా ఎడమకు ఒరిగాడు.