పటం మీద శెనక్కాయలు

నిన్న మా పాప జిల్లా పటం మీద బొమ్మలు అతికిస్తుంటే గమ్ము సీసా అయిపోయింది. నేను కాస్త మైదా ఉడికించి ఇచ్చాను. ఆ వాసన మీకు గుర్తుందా? పుస్తకాల అట్టలకు మనం పూసుకున్నది అదే.

నా ఐదో తరగతిలో సారు గోడంత అట్ట మీద అనంతపురం జిల్లా గీశారు. ఏ ఊరి ప్రత్యేకత ఆ ఊరి దగ్గర అతికించమన్నారు. ధర్మవరం దగ్గర పట్టుదారం పెట్టాం, గుత్తి దగ్గర కోట రాయి, కణేకల్ దగ్గర వడ్లు. మాది వేరుశెనగ పండే గార్లదిన్నె పక్క పల్లె కాబట్టి నేను శెనక్కాయలు తేవాలి.

ఇంట్లో ఉన్నవి విత్తనం కాయలే. నాయన వాటిని గోనెసంచిలో కట్టి అటక మీద దాచాడు. ఆయన చూడకుండా పిడికెడు తీసుకుపోయాను.

ఆ ఏడు తొలి వానకు నాయన మడక కట్టి దున్ని విత్తిన తర్వాత మళ్ళీ చినుకు పడలేదు. మొలకలన్నీ ఎండిపోయాయి. నాయన బెంగళూరుకు కూలికి పోతూ, నాకు చెప్పి వెళ్దామని బడికి వచ్చాడు. ఆయనకు చదువు రాదు. పటం ముందు చాలాసేపు నిలబడ్డాడు.

“మన ఊరు యాడుండాదిమ్మా?”

వేలు పెట్టి చూపించాను. ఆయన ఒక్కో కాయనూ తడిమి చూస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు.

“అవి మన ఇత్తనాలే నాయనా. నేనే తెచ్చినా.”

“తెలుసులేమ్మా. చేన్లో ఏసినవన్నీ మాడిపోయినాయి. ఈడ పెట్టినవన్నా మిగిలినాయి.”

నా తల నిమిరి బస్సెక్కాడు. ఆ తర్వాత నాయన మళ్ళీ మడక పట్టలేదు.