తలుపు లేని పాటల గది

ఫోన్ తెర మీద గోరంత బటన్ ఒకటి పెట్టనందుకు మాదాపూర్ నడిరోడ్డు మీద, మైకులో, అందరి ముందూ పరువు పోగొట్టుకున్న మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. సర్దుకుని కూర్చోండి, చెబుతాను. నవ్వుకున్నా నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు రోడ్డంతా నవ్వింది, మీరు నవ్వితే కొత్తగా పోయేదేముంది!

తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులవి. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో. నేను భీమవరం నుంచి కొత్తగా దిగి, ఫోన్లో పాటలు వినిపించే ఒక చిన్న కంపెనీలో డిజైనర్‌గా చేరాను. వయసు పాతికేళ్ళు లేకపోయినా తెలివి మాత్రం ఊరంతటికీ పంచిపెట్టేంత ఉందని నా నమ్మకం. నాకు అప్పగించిన పని పేరు "పాటల గది". ఒకరు గది తెరుస్తారు, స్నేహితులు ఎవరి ఫోన్లో వాళ్ళు అందులో చేరతారు, అందరికీ ఒకే పాట ఒకేసారి వినబడుతుంది. గది తెరిచినవాడు పాట మధ్యలో మాట్లాడొచ్చు కూడా.

చిక్కల్లా ఏమిటంటే, చేరినవాళ్ళు ఒక్క పాట వినగానే జారుకునేవారు. "జనం నిలవట్లేదయ్యా, ఏదో ఒకటి చెయ్యి" అన్నారు మా బాస్. చేశాను. బయటికి వెళ్ళే బటన్ పీకేశాను! గది తెరిచినవాడు వదిలితే తప్ప ఎవరూ కదలడానికి లేదు. ఫోన్ ఆపేసి మళ్ళీ పెట్టినా సరే, తిన్నగా వచ్చి ఆ గదిలోనే కూర్చోవాలి.

దాన్ని పరీక్షించే పని మల్లేశన్నది. సిద్దిపేట దగ్గరి మనిషి. తన సొంత ఫోన్లోనే ఎక్కించుకుని, నేను తెరిచిన గదిలో చేరి చూశాడు.

"తమ్మీ, దీంట్లకెళ్ళి బయటికి పోనీకి తొవ్వేది?"

"బయటికెందుకన్నా? అందరం కలిసి వింటే ఎంత బాగుంటుంది!"

"ఇష్టమున్నోడు ఉంటడు. లేనోడు పోవద్దా?"

"గది తెరిచినవాడు ఒప్పుకుంటే పోవచ్చు."

"ఆడు ఒప్పుకోకుంటే?"

"కూర్చుని వినడమే."

మల్లేశన్న నన్ను ఎగాదిగా చూశాడు. "ఈ దినాలల్ల, ఈ ఊర్ల ఉండి, గీ ముచ్చట నీకెట్ల తట్టింది ర తమ్మీ?" అన్నాడు. ఆయన పంపిన ఫిర్యాదుకు "ఇది లోపం కాదు, ఇలాగే ఉండాలని చేశాం" అని జవాబిచ్చి మూసేశాను. అప్పుడైనా బుర్ర వెలగాలి కదండీ? వెలగలేదు.

తర్వాతి వారం మా ఆఫీసు ముందు రోడ్డు మీదే వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని నిరసన తెలపడమన్నమాట. మల్లేశన్న సెలవు పెట్టి దాంట్లో కూర్చున్నాడు. ఊరి నుంచి వాళ్ళమ్మ లచ్చవ్వను కూడా తీసుకొచ్చాడు. నాట్లు వేసేటప్పుడు ఆవిడ పాడే పాటంటే ఆయనకు ప్రాణం. పది మందిలో పాడమంటే ఆవిడకు చచ్చేంత సిగ్గు. అందుకని పొలంలో పాడుతుంటే చాటుగా ఫోన్లో ఎక్కించుకుని వచ్చాడు. ఒక్కసారైనా వాళ్ళమ్మ పాట ఈ హైటెక్ సిటీ అంతా వినాలని ఆయన కోరిక. నాతో కూడా చెప్పాడు పాపం, కళ్ళు మెరుస్తుండగా.

సరిగ్గా ఆయన ఫోన్‌కు మైకు తీగ తగిలించిన వేళకే, పైన మొదటి అంతస్తులో, బాస్‌కు చూపించడానికి నేను అదే పాటల గది మళ్ళీ తెరిచాను. మా భీమవరం పెళ్ళి బ్యాండు వాయించిన ఊరేగింపు పాట పెట్టాను. నా ఫోన్ మోగింది. మల్లేశన్న. బాస్ ముందు ఎత్తుతానా? కట్ చేశాను. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాను.

"పాట నచ్చకపోతే ఎలాగోయ్?" అన్నారు బాస్.

నేను రెచ్చిపోయాను. "నచ్చకపోయినా వినక తప్పదండీ! ఎంత గింజుకున్నా లాభం లేదు, నేను వదిలితేనే!"

కిటికీ అవతల నుంచి ఆకాశవాణిలా వినిపించింది: "...నేను వదిలితేనే!"

"అదేంటయ్యా, రోడ్డు మీద కూడా నీ గొంతేనా?" అంటూ బాస్ కిటికీ దగ్గరికి పరుగెత్తారు. నేనూ తొంగిచూశాను. గంటె పట్టుకున్నవాళ్ళు గంటెతో, జెండా పట్టుకున్నవాళ్ళు జెండాతో నిలబడిపోయి మైకు వైపు చూస్తున్నారు. మల్లేశన్న ఫోన్ బ్యాటరీ ఊడదీస్తున్నాడు, పెడుతున్నాడు. పెట్టగానే మా పెళ్ళి బ్యాండు! పరీక్ష రోజు నా గదిలో చేరిన మనిషిని నేనింకా వదల్లేదు!

మెట్లన్నీ ఒక్క దూకులో దిగాను.

"ఇడువు తమ్మీ, నీ కాళ్ళు మొక్కుత! నీ ఫోనేది?"

ఫోనా? పైన బల్ల మీదే మరిచిపోయి వచ్చాను! ఇంతలో మైకులోంచి బాస్ గొంతు: "ఏది నొక్కాలయ్యా బాబూ? ఏడీ ఆ వెధవ? చల్లటి నీళ్ళు తెండర్రా ఎవరైనా!"

జనం గొల్లుమన్నారు. మల్లేశన్న మాత్రం నవ్వలేదు. ఆయన ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు లేచింది లచ్చవ్వ. కొడుకు ఫోన్ తీగ ఊడబీకి మైకు అందుకుంది.

"ఎవల్రా గీ పెండ్లి బాజా పెట్టింది?"

అందరి వేళ్ళూ నా వైపే.

"నా కొడుకు పాట పెట్టనియ్యవు, నీ పాట బంద్ జెయ్యవు! ఏం పోరగానివి రా నువ్వు?"

కోపంలో సిగ్గు సంగతి మరిచిపోయిందో ఏమో, ఆ ఊపులోనే కొంగు బిగించి పాటెత్తుకుంది. ఫోన్లో కాదు, నిలువెత్తు మనిషి! చుట్టూ ఆడవాళ్ళు వంతపాడారు. అద్దాల మేడల్లో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు కిటికీలకు అతుక్కుపోయారు. మల్లేశన్న చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. నిజం చెబుతున్నాను, అంత అందమైన పాట నేను అంతవరకు వినలేదు.

పాటయ్యాక ఆవిడే నాకు విస్తట్లో అన్నం, పప్పు పెట్టింది. "తిను బిడ్డా. కారమైతే చెప్పు, బలిమి లేదు."

మర్నాడే బటన్ పెట్టాను, ఇంతింత లావున, ఎర్రగా. బంధుమిత్రులందర్నీ పిలిచి గది తెరిచాను. మల్లేశన్న కడదాకా విన్నాడు.

"నువ్వు పోలేదేం అన్నా?"

"ఎప్పుడంటే అప్పుడు పోవచ్చు కద, ఇగ ఫికరేంది!"

మరి మొట్టమొదట నొక్కి పారిపోయిందెవరో తెలుసా? భీమవరం నుంచి మా సొంత అక్క!

కాబట్టి పాఠకులారా, ఇకమీదట నేనేది కట్టినా ముందు బయటికి పోయే తలుపు పెట్టి, ఆ తర్వాతే గోడలు లేపుతానని మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మీరూ ఇక వెళ్ళొచ్చు. పట్టుకోను.